కాకి ముట్టిన అన్నం

మెర్దేకా, అంటే మలయాకి స్వతంత్రం, వచ్చిన ఏడాది, జూలై రెండో వారంలో, ఆయెర్ తువాలాంగ్ ఊరి గేటు దగ్గర బస్సు దిగీ దిగగానే ఒక పోలీసువాడి చేతిలో రబ్బరు పాము పెట్టాను.

తప్పు నాది కాదు. పెట్టెలో ఏముందని వాడే అడిగాడు. పాముందని చెప్పాను. నవ్వి మూత తీశాడు. తీసినవాడు తుపాకీ కింద పడేసి మూడడుగులు వెనక్కి గెంతాడు. పక్కనున్న హోంగార్డులు పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్లలో మాట్ దిన్ అనే ముసలి హోంగార్డైతే కళ్లు తుడుచుకున్నాడు. రేకుల పందిరి కింద బల్ల వేసుకుని కూర్చున్న రైటర్ ఒక్కడే నవ్వలేదు. తమిళాయన. దొర మాట మనకీ మన మాట దొరకీ చెప్పే ఉద్యోగం. నా కార్డు తీసుకుని పుస్తకంలో రాసుకున్నాడు: రెంగసామి, పోర్ట్ స్వెట్టెన్‌హామ్ గోడౌన్ కూలీ.

"ఎన్నాళ్లుంటావ్?" అని తమిళంలో అడిగాడు.

"మా అప్ప తరిమేసేదాకా."

అదీ రాసుకున్నాడు. అప్పంటే మాకు అక్క.

నేను అప్ప కోసం తెచ్చిన పాలడబ్బా పట్టుకుని ఒక కుర్ర కానిస్టేబులు మేకుతో రెండు బెజ్జాలు కొట్టాడు. ఆ ఊళ్లోకి వెళ్లే ఏ డబ్బాకైనా బెజ్జం పడాల్సిందే. బెజ్జం పడ్డ డబ్బా రెండు రోజుల్లో పాడవుతుంది, అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి పనికిరాదు.

"డబ్బాకి చెవులు కుడుతున్నారేటి? కమ్మలు కూడా మీరే పెడతారా?" అన్నాను.

మాట్ దిన్ మళ్లీ నవ్వాడు. రైటర్ తల ఎత్తి నన్ను చూశాడు, మళ్లీ దించాడు. పోర్టులో ఓడకి బస్తాలెక్కించేటప్పుడు లెక్క రాసేవాడు బస్తాని అలాగే చూస్తాడు.

జొహోరులో ఆ ఊరికి ఒకప్పుడు పేరుండేది. పట్టుమని పది దుకాణాలు లేవు. ఒక చీనా కాఫీ కొట్టు, ఒక మసీదు, వెనకాల రబ్బరు తోట కూలీల ఇళ్ల వరసలు, లైన్లంటారు. అయినా శనివారం సాయంత్రమైతే క్లువాంగ్ నుంచీ మువార్ నుంచీ లారీల మీద జనం వచ్చేవారు. ఎందుకంటే ఏడవడానికి. ఆ లైన్లలో మన విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జముకులవాళ్లు ఉండేవారు. జముకంటే చిన్న కుండంత డొల్ల. ఒక పక్క తోలు, తోలు మధ్యలోంచి ఒక నరం. డొల్లని చంకలో ఇరికించి, నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే మనిషి నోరు మూసుకుని మూలిగినట్టుంటుంది. యుద్ధం రోజుల్లో జపానువాళ్లు ఆ లైన్ల నుంచి నలభై ఒక్క మందిని సయాం రైలు పనికి తోలుకెళ్లారు. ఆరుగురు తిరిగొచ్చారు. మిగిలినవాళ్ల మీద కట్టిన పాటలే ఆ ఊరి పాటలు. వినడానికి వచ్చినవాళ్లు కళ్లు ఎర్రబడి, గుండె తేలికపడి వెళ్లేవారు.

నేను వెళ్లేసరికి ఊరి చుట్టూ ముళ్లకంచె. సాయంత్రం ఏడయితే కర్ఫ్యూ. జముకులవాళ్లలో కొందరు పోయారు, కొందరు తోటలు మారారు. మిగిలింది ఒక్కడు, కాంతయ్య మావ. మా అప్పకి మావగారు.

అప్ప పేరు పాపాయి. నాకంటే మూడేళ్లు పెద్దది. ముప్పై మూడేళ్లు. మెడలో పుస్తెలున్నాయి. కట్టినవాడు మాత్రం పద్నాలుగేళ్లుగా లేడు. బావ అప్పలసామిని పెళ్లయిన ఏడో నెలలో లారీ ఎక్కించారు. పోయాడని చెప్పినవాడు లేడు, చూశానని చెప్పినవాడూ లేడు.

"ఉత్తరంలో ఏటీ రాయలేదు, ఒచ్చేక సెప్తానన్నావు. సెప్పు మరి," అన్నాను, గుమ్మంలో కూర్చుని.

అప్ప పొయ్యి ఊదుతూ, ఇటు తిరక్కుండానే చెప్పింది. "ఆ ఉత్తరం రాసినాయన నన్ను మనువాడతానంటున్నాడు."

ఉత్తరం రాసింది కరుప్పయ్య. తోట ఆసుపత్రిలో కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సర్. భార్య పోయి ఆరేళ్లయింది. మెత్తటి మనిషి. తమిళాయనైనా మా ఇళ్లలో తిరిగి తిరిగి మా మాట పట్టుకున్నాడు.

"మంచిదే కదేటి. ఆయన సూది గుచ్చితే నొప్పెట్టదంటారు. ఏలు మీద ఈగ వాలినా అడిగి లేపుతాడంట."

"నవ్వులాటలాపరా. ఆయనకి సెప్టెంబరు మొదట్లో మీ పోర్టు పక్కన క్లాంగ్ ఆసుపత్రికి బదిలీ. ఆలోపు తేలాలి. మావ సరే అంటేనే తీసుకెల్తానంటాడు. పెద్దాయన్ని ఏడిపించి తీసుకెల్లనంటాడు."

"మావేటంటాడు?"

"మావ అనడు. కాకి అనాలి."

మా వాళ్లలో మారుమనువు తప్పు కాదు. కానీ మొదటివాడు పోయాడని తేలాలి. కబురు లేనివాడి సంగతి తేల్చుకోవడానికి కాంతయ్య మావకి తెలిసిన దారి ఒకటే. అమావాస్యనాడు పొలిమేర దాటి, ఆకు వేసి అన్నం పెట్టి, జముకు మీద వాడి పేరు పెట్టి పిలవాలి. కాకి ముడితే వాడు పోయాడు, వచ్చి తిన్నాడు. ముట్టకపోతే బతికే ఉన్నాడు. పద్నాలుగేళ్లుగా కాకి ముట్టలేదు.

కమ్యూనిస్టుల మీద దొరలు పెట్టిన ఎమర్జెన్సీలో పొలిమేరంటే ముళ్లకంచె. కంచె దాటి మెతుకు పోకూడదు. తెల్లారి పనికెళ్లే కూలీలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకెళ్లకూడదు, టీలో పంచదార కూడా ఉండకూడదు. ఆడవాళ్లని ఆడవాళ్లే చీర మడతలు విప్పి చూసేవారు. మరి మావ అన్నమెలా తీసుకెళ్తున్నాడంటే, జముకు డొల్లలో.

జూలై అమావాస్యకి ఆయనతో నేనూ వెళ్లాను. రేషన్‌లో తన వంతు రెండు పూటలు మాని, ఉప్పు లేకుండా వండించిన అన్నం ముద్దని అరటాకులో చుట్టి డొల్లలోకి దోపాడు. పైన గుడ్డ కప్పాడు. గేటు దగ్గర మాట్ దిన్ ఆయన్ని చూసి చేతులు చాపాడు.

"పాక్ కాంత, కొంచెం వాయించు," అన్నాడు మలాయిలో. పాక్ అంటే వాళ్లకి పెద్దాయన.

నేను డొల్ల వైపు చూడకుండా నేల చూశాను. మావ మాత్రం నిమ్మళంగా నరం మీటాడు. అన్నం నిండిన డొల్ల, పడిశం పట్టినవాడిలా పలికింది.

"ఇవాళ గొంతు పూడిందేం దీనికి?"

"ముసిల్ది అయిపోనాది, నాలాగే," అన్నాడు మావ.

మాట్ దిన్ జాలిగా నవ్వి దారిచ్చాడు. రైటర్ పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

తోట అయిపోయి అడవి మొదలయ్యేచోట ఒక పలక బండ ఉంది. అక్కడ ఎండుటాకు రాలినా చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. మావ ఆకు పరిచి అన్నం పెట్టి, అడవి వైపు తిరిగి కూర్చున్నాడు.

"సయాము రైలు కూత ఇన్నావ నాయినా,
సద్దికూడు మూట మరిసినావ నాయినా,
ఆకలైతే రారా, ఆకేసి ఉంచినాను,
అమ్మ నేదు, అయ్యున్నాడు, రారా."

నాకు నవ్వించడం తప్ప ఏదీ సరిగ్గా రాదు. ఆ పాట విన్నప్పుడు మాత్రం పాదాల కింద నేల చల్లబడింది. రెండు కాకులు వచ్చి కొమ్మ మీద వాలాయి. ఒకటి కిందికి దిగింది. ఆకుకి రెండు మూరల దూరంలోకి వచ్చింది. అప్పుడు మావ నరం బిగించాడు. జుమ్మంది. కాకి ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ జుమ్మనిపించాడు. ఎండ చెట్ల మీదికి వచ్చేదాకా అదే పని. చివరికి కాకులు విసిగి పోయాయి. మావ లేచి, కాలవ దగ్గరికెళ్లి, ఆకుకి వీపు పెట్టి ముఖం కడుక్కున్నాడు. అది పద్ధతి. అప్పుడొచ్చి చూడాలి. చూశాడు. అన్నం అలాగే ఉంది.

"బతికే ఉన్నాడు," అన్నాడు. అన్నాన్ని పాతిపెట్టాడు.

"మావా, ఆ మోతకి కాకి కాదు, పులి కూడా రాదు," అన్నాను.

"రాపోతే మంచిదే కదేటి," అన్నాడాయన.

ఆ మాట అప్పకి చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. "తెలుసులేరా. ఆడిని అలగ బతికించుకుంటున్నాడు," అంది. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఒక రాయి ఏరి పారేసి, "నన్ను ఏటి సేసుకుంటాడో ఆయనకే తెల్దు," అంది.

ఆగస్టులో ఊరి మెడ చుట్టూ తాడు బిగిసింది. పగలంతా విమానం తిరుగుతూ, లొంగిపొమ్మని అడవికి మైకులో చెప్పేది. ఆ గొంతు ఇళ్ల మీద నుంచి పోతుంటే పిల్లలు బల్లల కింద దూరేవారు. రేషన్ తగ్గించారు. ఒక ఉదయం గేటు దగ్గర రబ్బరు చెట్లు గీసే గీతకూలీ అచ్చయ్య సైకిలు పంపుని పోలీసులు విప్పితే అందులోంచి పిడికెడు బియ్యం రాలింది. పెళ్లానికి మధ్యాహ్నం గంజి కోసమన్నాడు. నిజమే కావచ్చు. అతన్ని లారీ ఎక్కించారు. వారం తర్వాత రైటర్ నోటీసు చదివి వినిపించాడు. కంచె దాటించి తిండి ఇచ్చినవాడు ఇక్కడ పుట్టినవాడైతే ఖైదు క్యాంపుకి, ఇండియాలో పుట్టినవాడైతే ఓడెక్కించి ఇండియాకి.

కాంతయ్య మావ ఇండియాలో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు అయ్య భుజం మీద వచ్చాడు.

"ఈ అమావాస్యకి ఎల్లకు మావా. నీకు దండం పెడతాను," అంది అప్ప.

"ఒక్క నెల పిలవకపోతే ఆడు అలిగిపోతాడమ్మా."

"నిన్ను ఓడెక్కిస్తే నాకెవరున్నారు మావా?"

ఆయన జముకు తోలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అప్ప నా వైపు చూసింది. ఏదో ఒకటి చెయ్యమన్నట్టు.

నేను చేశాను. నాకు తెలిసిందే చేశాను. ఒక్కసారి కాకి ముడితే చాలు కదా అనుకున్నాను. మావ ఇక గేటు దాటడు, అప్ప క్లాంగ్ వెళ్తుంది. పోర్టులో మేస్త్రీ టిఫిను డబ్బా ఖాళీ చేసి మూత పెట్టేసినట్టే ఇదీ అనుకున్నాను. అమావాస్య ముందురోజు కరుప్పయ్య దగ్గరికెళ్లి ఆయన కాన్వాసు బూట్లు అడిగాను.

"ఎందుకు తంబీ?"

"తోటలో తిరుగుతాను. జలగలు నన్ను సూస్తే అత్తారింటికి ఒచ్చినట్టు ఒస్తన్నాయి."

నవ్వుతూ విప్పి ఇచ్చాడు.

మర్నాడు తెల్లారి నేను గీతకూలీలతో ముందే గేటు దాటి, బండ వెనక పొదలో కూర్చున్నాను. మావ వచ్చాడు. ఆకేశాడు. పాడాడు. కాకుల్ని తోలాడు. ఆ రోజు ఆయన గొంతు బాగోలేదు, మాటిమాటికీ ఆగాడు. చివరికి లేచి కాలవ వైపు నడిచాడు. ముఖం కడిగేంత సేపు, అంతే నాకున్నది.

పాకుతూ వెళ్లి ముద్ద ఎత్తి నోట్లో కుక్కుకున్నాను. ఉప్పు లేదు. మేకతోలు వాసన. మూడు గుక్కల్లో మింగాలనుకున్నాను, గొంతు దిగలేదు. నాలుగు మెతుకులు కాకి చిమ్మినట్టు చిమ్మి, పొదలోకి దూరి, కావుమన్నాను. నేను కాకిలా అరిస్తే కాకులు తిరిగి చూస్తాయని పోర్టులో పందేలు కాసేవారు. ఆ రోజు నోటి నిండా అన్నంతో అరిచాను. అరిచాక అడవి మరింత నిశ్శబ్దమైపోయింది. నా వీపు వెనకాల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. వెనక్కి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

మావ వచ్చి ఆకు ముందు నిలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. చాలాసేపు అలా నిలబడి, జముకు నరం ముడి విప్పి, నరాన్ని వేలికి చుట్టుకుని, నేనున్న పొద వైపు కాకుండా గేటు వైపు నడిచి వెళ్లిపోయాడు. ఎప్పుడూ పాతిపెట్టే ఆకుని ఆ రోజు అక్కడే వదిలేశాడు. అది నేనూ గమనించలేదు.

ఇంటికి చేరేసరికి అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. మావ లోపల గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"కాకి ముట్టిందమ్మా. తానం సేసి, మెడలోది తీసెయ్యి," అన్నాడు.

అప్ప ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నా కాళ్లకున్న బూట్లని చూసింది. వాటి మీద తడి మట్టి. పెరట్లోకి వెళ్లింది. నీళ్లు పోసుకున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆ సాయంత్రం, కర్ఫ్యూకి గంట ముందు, మావ ఇంటి ముందు కూర్చుని పాడాడు. నరం లేని జముకుని ఒడిలో పెట్టుకుని, ఒట్టి గొంతుతో. ఎన్నేళ్ల తర్వాతో లైన్లన్నీ కదిలి వచ్చాయి. ఆయన పాటలో కొడుకు వచ్చాడు, ఆకు ముందు కూర్చున్నాడు, కడుపు నిండా తిన్నాడు, అయ్యా ఇక పిలవకన్నాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో పెట్టుకుని ఏడ్చారు. కరుప్పయ్య చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. పాటయ్యాక మావే ఆయన్ని పిలిచి, అప్ప చెయ్యి చూపించి, "మెర్దేకా అయిన మర్నాడు మంచి రోజు," అన్నాడు.

పాట గేటుకి వినిపించింది. రైటర్ ఎవరో ముసలమ్మని ఆపి ఆ పాటకి అర్థమేమిటని అడిగాడట. ఆమె సంతోషంగా చెప్పింది. అందులో దాచడానికేముంది? కాంతయ్య కొడుకు ఇన్నేళ్లకి వచ్చి అన్నం తిన్నాడు, అంతే.

మూడో రోజు తెల్లారి గేటు తెరవలేదు. పనికి బయల్దేరినవాళ్లందర్నీ మైదానంలో వరస కట్టించారు. ఇళ్లలో ఉన్నవాళ్లనీ తెచ్చారు. కంచె బయట నాలుగు లారీలు. దొర కుర్చీలో కూర్చున్నాడు, పాతికేళ్లు కూడా ఉండవు. ఎండకి ముక్కు కందిపోయి ఉంది. రైటర్ ఒక అట్టముక్క ఎత్తి చూపించాడు. దాని మీద బూటు అడుగు గీసి ఉంది.

"అడవి పక్క బండ దగ్గర ఆకు దొరికింది. మెతుకులు దొరికాయి. పక్కన ఈ బూటు అచ్చులున్నాయి. లైన్లలో ఎవరూ బూట్లు వెయ్యరు, అడవిలో వాళ్లు వేస్తారు. అన్నం ఎవరు తీసుకెళ్లారు?"

కాంతయ్య మావ వరసలోంచి బయటికి వచ్చాడు.

"నానే."

"ఎవరు తిన్నారు?"

"నా కొడుకు."

రైటర్ దొరకి చెప్పాడు. దొర వెంటనే లేచి నిలబడ్డాడు. వెనకనున్న సిపాయిలు తుపాకులు సర్దుకున్నారు. నాకు అప్పుడు అర్థమైంది, దొర బుర్రలో ఒక అప్పలసామి పుట్టాడని. అడవిలో, తుపాకీ భుజానేసుకుని, నెల నెలా అయ్య దగ్గర అన్నం తిని వెళ్లే అప్పలసామి.

నా కాళ్లు వాటంతటవే ముందుకెళ్లాయి.

"అయ్యా, తిన్నది నేను. నవ్వులాటకి తిన్నాను. ఆయన కొడుకు సయాంలో పోయి పద్నాలుగేళ్లయింది. అది సావు కూడు. మా పద్ధతి."

రైటర్ నన్ను చూశాడు. మొదటిసారి ఆయన పెదవి కొంచెం వంకర పోయింది. "పాము నువ్వే కదూ?"

"అవునయ్యా. ఇదీ నేనే. బూట్లు..."

బూట్లు చూపిద్దామని మా గుమ్మం వైపు తిరిగాను. రాత్రి గుమ్మం పక్కనే విప్పి పెట్టాను. అక్కడ లేవు. పొగ గొట్టం లేని మా వంటింటి పైకప్పు సందుల్లోంచి నల్లటి పొగ వస్తోంది. రబ్బరు కాలుతున్న వాసన. రబ్బరు ఊళ్లో ఆ వాసన ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ రోజు రబ్బరు షీట్లని ఆరబెట్టే పొగ కొట్టం తెరవనే లేదు.

"ఏ బూట్లు?" అన్నాడు రైటర్.

అప్ప ఆడవాళ్ల వరసలో ముందే ఉంది. బోసి మెడ. రెండు చేతులకీ మసి.

"మా తమ్ముడికి బూట్లు లేవయ్యా," అంది నెమ్మదిగా. "ఎప్పుడూ సెప్పులే."

నిజమే. బూట్లు నావి కావు. నాలుగు వరసల అవతల కరుప్పయ్య వట్టి పాదాలతో నిలబడి, తెల్లబోయి చూస్తున్నాడు. ఆ బూట్లు ఆయనవని తేలితే, మందులు చేతిలో ఉండే డ్రెస్సర్ అన్నం ఒక్కటే పంపాడని ఎవరు నమ్ముతారు? నేను అదంతా ఆలోచించానని చెప్తే అబద్ధం. అప్ప ముఖం చూశాను. ఆమె నేల చూస్తోంది.

"ఈడి మాట పట్టుకోకండి బాబూ," అన్నాడు మావ. "ఈడు నోరిప్పితే నవ్వులాటే. నన్ను ఇడిపించడానికి ఆడతన్నాడు. నా కొడుకే ఒచ్చినాడు. నా కల్లతో నాను సూసినాను."

రైటర్ దొరకి ఏదో చెప్పాడు. నా వైపు చూపించి, గేటు వైపు చూపించి, చేత్తో పాము పాకినట్టు చేశాడు. దొర చిరాగ్గా చెయ్యి విదిల్చాడు. ఒక సిపాయి నన్ను వరసలోకి నెట్టాడు.

రెండోసారి నేను ముందుకి రాలేదు. ఎవరూ నన్ను పట్టుకోలేదు. నా నోరు ఎవరూ మూయలేదు.

మావని లారీ ఎక్కించారు. మాట్ దిన్ ఆయన్ని చెయ్యి పట్టుకుని పైకి ఎక్కిస్తూ, ఏడుపు ఆపుకోలేక టోపీ ముందుకి లాక్కున్నాడు. జముకుని సాక్ష్యమని మూట కట్టి తీసుకెళ్లారు.

రెండు రోజుల తర్వాత గేటుకి కొబ్బరాకుల తోరణం కట్టారు. కొత్త జెండా ఎగిరింది. కాఫీ కొట్టు ముందు రేడియో పెట్టి ఊరంతా మెర్దేకా అని అరిచింది. నన్నూ అరవమన్నారు. అరిచాను. మర్నాడు మారియమ్మ కోవెల్లో అప్పకి కరుప్పయ్య తాళి కట్టాడు. పావుగంట పట్టలేదు. తన బూట్లేమయ్యాయని కరుప్పయ్య నన్ను అడగలేదు. క్లాంగ్ వెళ్లే బస్సులో అప్ప కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటేదాకా కళ్లు మూసుకునే ఉంది.

మావని విడిపించడానికి కరుప్పయ్య ఇంగ్లీషులో నాలుగు అర్జీలు రాశాడు. అర్జీ చేరింది అని ఒక్కదానికి జవాబొచ్చింది.

నవంబరు చివర్లో పోర్టులో పగటి షిఫ్టు చేస్తున్నాను. ఇండియా ఓడ కట్టి ఉంది. ఓడెక్కే జనానికి ఒక పక్కన తాడు కట్టి పదిహేను మందిని విడిగా నిలబెట్టారు. ఇద్దరు పోలీసులు కాపలా. అందులో కాంతయ్య మావ ఉన్నాడు. సగమయ్యాడు. చంకలో చిన్న గుడ్డమూట. పోలీసుల్లో ఒకణ్ని నేను ఎరుగుదును. బతిమాలితే రెండు నిమిషాలన్నాడు.

"రెంగా," అన్నాడు మావ, నిన్న సాయంత్రం చూసినట్టు. "పెల్లయిందా?"

"అయింది మావా. క్లాంగ్‌లోనే ఉంది. ఆయన బాగా సూసుకుంటన్నాడు."

"నవ్వుతందా?"

"అప్పుడప్పుడూ."

తల ఊపాడు. నేను దగ్గరికి జరిగాను. "మావా, ఆ రోజు ఆ అన్నం..."

"నాకెందుకు సెప్తావురా. పద్నాలుగేల్లు కాకుల్ని తోలినోన్ని. నోట్లో మెతుకులెట్టుకుని ఏ కాకీ అరవదు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చర్మం చల్లగా, పల్చగా ఉంది.

"తెలిసి ఎందుకు మావా, మరి?"

"నాను ఇడిసిపెట్టనేకపోనాను. మీ అప్ప అడగనేకపోనాది. నువ్వు తినేసినావు. అయిపోనాది," అన్నాడు. "దానికి సెప్పకు. తెలుసు దానికి. అయినా సెప్పకు."

వరస కదిలింది. పోలీసువాడు నా భుజం తట్టాడు. మావ రెండడుగులు వేసి ఆగాడు.

"ఆ బల్ల కాడ రాసేవోడు అడిగినాడురా, మీ దేసంలో ఏ ఊరని. ఊరు లేపోతే రాసుకోనన్నాడు. మా అయ్య సెప్పేవోడు గానీ, నాకు గురుతు నేదు. ఏదో ఒకటి సెప్పీసినాను."

"ఏటి సెప్పినావు?"

"ఏటిమెరకవలస."

"అలాటి ఊరుందా మావా?"

ఆయన ఒక క్షణం నిజంగానే ఆలోచించాడు. "నేకపోతే ఏటి సేస్తారంటావు?" అన్నాడు.

మెట్ల మీద ఎక్కుతూ ఆయన వెనక్కి చూడలేదు. మిగిలినవాళ్లు చూశారు. నేను చూస్తూనే ఉన్నాను. మేస్త్రీ రెండుసార్లు కేకేశాడు. ఓడ కదిలాక వెళ్లి బస్తా ఎత్తుకున్నాను.

అప్ప ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆ అన్నం ఎవరు తిన్నారని ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పటికీ మన వైపు నుంచి ఎవరైనా వచ్చారని తెలిస్తే వెళ్లి పలకరిస్తాను. ముందు రెండు నవ్వులాటలాడతాను. తర్వాత ఏటిమెరకవలస ఎక్కడుందని అడుగుతాను. శ్రీకాకుళం వాళ్లు విజయనగరం వైపు ఉంటుందేమో అంటారు. విజయనగరం వాళ్లు కాసేపు ఆలోచించి, విన్నట్టు లేదంటారు.